జిరాక్స్ షాపులో లినక్స్: మా నాన్న చేతికి ఇచ్చేలా ఎలా చేయాలి?

జిరాక్స్_అక్క (కడప) | 2025 నవంబర్ 9, రాత్రి 10:14

అందరికీ నమస్తే. మాది కడపలో ఏడు రోడ్ల దగ్గర చిన్న జిరాక్స్, నెట్ షాపు. నాలుగు సిస్టమ్‌లు ఉన్నాయి. అన్నీ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కులు. విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఎక్కించాలంటే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలట. ఇప్పుడు నాలుగూ కొత్తవి కొనే పరిస్థితి లేదు.

నా ల్యాప్‌టాప్‌లో మూడేళ్ల నుంచి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్సే వాడుతున్నాను, నాకు ఇబ్బంది లేదు. కానీ షాపులో కూర్చునేది మా నాన్న, సాయంత్రాలు వచ్చే ఇంటర్ అమ్మాయి. మొన్న ఒక సిస్టమ్‌లో ఉబుంటు అనే లినక్స్ వేసి నాన్నకు చూపించాను. పది నిమిషాలు మౌసు అటూ ఇటూ తిప్పి, "స్టార్ట్ బటన్ యాడ పోయిందమ్మా? అంగడి మూసుకుందామా?" అన్నాడు. మళ్లీ విండోస్ కొట్టించాను.

ఏ లినక్స్ మంచిది అన్నది నా ప్రశ్న కాదు. దాన్ని ఎలా తయారు చేసి ఇస్తే కొత్తవాళ్లు నన్ను పిలవకుండా పని చేసుకుంటారు? ఇలా ఎవరికైనా పెట్టిచ్చిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

ఆర్చ్_పిల్లోడు (అనంతపురం) | నవంబర్ 9, రాత్రి 10:20

ఆర్చ్ లినక్స్ వేసి, దాని మీద హైపర్‌ల్యాండ్ డెస్క్‌టాప్ పెట్టక్కా. 4 జీబీలో రాకెట్ లాగా పోతుంది. అన్నీ కీబోర్డ్ షార్ట్‌కట్‌లే, మౌసు అవసరమే లేదు.

---

శెనక్కాయ_చేను (అనంతపురం) | నవంబర్ 9, రాత్రి 10:41

తమ్ముడూ, ఆయన స్టార్ట్ బటన్ పోయిందని బాధపడుతుంటే నువ్వు మౌసు కూడా పీకేస్తానంటావేంది.

అక్కా, నాది ఇక్కడ సిస్టమ్ రిపేర్ షాపు. ముందు ఆ హార్డ్ డిస్కులు తీసేసి వాటికంటే చాలా వేగంగా నడిచే చిన్న ఎస్ఎస్‌డీలు వేయండి. పాత సిస్టమ్‌కు ఇంతకంటే మంచి మందు లేదు. లినక్స్ నెమ్మది అని తిట్టుకునేవాళ్లలో చాలామంది నిజంగా తిట్టాల్సింది ఆ డిస్కునే. ఆ తర్వాత లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. మింట్ 22 వరుసకు 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. ఆరు నెలలకోసారి రూపం మారే గొడవ ఉండదు.

వేసే ముందు డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా ఒక పూట షాపులో నడపండి. వైఫై దొరుకుతోందా, ప్రింట్ వస్తోందా, స్కాన్ అవుతోందా, సౌండ్ ఉందా చూడండి. పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు నెమ్మదిగానే ఉంటుంది, అది చూసి బెదరొద్దు. వైఫై పట్టకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వస్తుంది, ఆ నెట్‌తోనే డ్రైవర్ మేనేజర్ నుంచి వైఫైని నడిపించే డ్రైవర్ దించుకోవచ్చు. డ్రైవర్ దించడానికి నెట్ కావాలి, నెట్‌కు డ్రైవర్ కావాలి అని ఏడ్చేవాళ్లను వారానికొకరిని చూస్తుంటాను.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | నవంబర్ 10, ఉదయం 6:52

నేను బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇప్పుడు అందరూ "విండోస్ లాగా కనిపించే థీమ్ వేయండి" అంటారు చూడండి. నేనూ ఒకసారి ల్యాబ్‌లో అదే చేశాను. అదే వాల్‌పేపర్, అదే బొమ్మలు, కింద అదే పట్టీ. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత పిల్లలు ఇంటి నుంచి పెన్‌డ్రైవ్‌లో విండోస్ కోసం చేసిన ఈఎక్స్ఈ ఫైళ్లు తెచ్చి డబుల్ క్లిక్ చేయడం, తెరుచుకోక "సార్, సిస్టమ్ చెడిపోయింది" అనడం. తప్పు వాళ్లది కాదు. విండోస్ వేషం కట్టింది నేను.

పట్టీ కింద ఉండాలి, మెనూ ఎడమ మూలన ఉండాలి, డబుల్ క్లిక్‌కే ఫైల్ తెరుచుకోవాలి. చేతికి అలవాటైనవి ఇవే, వీటిని కదిలించకూడదు. ప్లాస్మా అనే లినక్స్ డెస్క్‌టాప్ తయారు చేసే కేడీఈ వాళ్లు ఎన్నో ఏళ్లు సింగిల్ క్లిక్ పెట్టుకుని, 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6తో డబుల్ క్లిక్‌కు వచ్చారు. రంగులు, బొమ్మలు మాత్రం వేరుగానే ఉండనివ్వండి. ఇది వేరే బండి అని చూడగానే తెలిస్తే మంచిది.

---

టెర్మినల్_తాత (కడప, నిర్వాహకుడు) | నవంబర్ 10, ఉదయం 9:30

ఈ చర్చకు ఒక నియమం పెడుతున్నాను: ఎవరూ కమాండ్లు రాయొద్దు. కమాండ్లు టైప్ చేసే కిటికీ పేరే (టెర్మినల్) నేను పెట్టుకున్నానని నవ్వొద్దు. అడిగింది నాన్నగారి గురించి. ఆయన టైప్ చేయలేనిది ఇక్కడ పరిష్కారం కిందికి రాదు.

అమ్మాయీ, షాపులో రోజూ జరిగే పనులేమిటో ఒక రోజు కూర్చుని రాసి పెట్టు. అది లేకుండా మేమెంత చెప్పినా గాలిలో మాటలే.

---

జిరాక్స్_అక్క (కడప) | నవంబర్ 11, రాత్రి 9:48

రాశాను తాతగారూ. ఈ రోజంతా కౌంటర్ పక్కన నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నా.

సగానికి పైగా ఒకటే పని: వాట్సాప్ వెబ్‌లో వచ్చిన పీడీఎఫ్ దించడం, ప్రింట్ కొట్టడం. తర్వాత ఆధార్, మార్కుల జాబితాలు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం. దరఖాస్తు ఫారాలు నింపడం, దాంట్లో ఫోటో, సంతకం 50 కేబీ లోపు చేయడం. ఈ 50 కేబీ దగ్గరే ఎక్కువ టైం పోతోంది. బయోడేటాలు, అర్జీలు టైప్ చేయడం, కొన్ని తెలుగులో. రోజుకు ఒకటో రెండో పెళ్లి పత్రికలు, అవి పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను తెలుగు ఫాంట్లతో.

నాన్న వాడే ప్రోగ్రాములు లెక్కపెడితే నాలుగే నాలుగు! నేను ఇన్నాళ్లూ కంప్యూటర్ మొత్తం నేర్పాలనుకుని టెన్షన్ పడుతున్నా.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | నవంబర్ 11, రాత్రి 10:30

అయితే సగం పని అయిపోయినట్టే. డెస్క్‌టాప్ మీద ఆ నాలుగు బొమ్మలే ఉంచండి, వాటి పేర్లు మార్చండి. "ఫైర్‌ఫాక్స్", "రైటర్", "తునార్" అంటే నెట్ చూసేది, టైప్ చేసేది, ఫైళ్లు చూపించేది అని మనకు తెలుసు గానీ ఆయనకెందుకు తెలియాలి? ఆయన నోట ఏ మాట వస్తుందో అదే రాయండి. ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, ఎడిట్ లాంచర్‌లోకి వెళ్లి పేరు తెలుగులో కొట్టొచ్చు. మా అమ్మకు నేను పెట్టిన పేర్లు: "నెట్", "ఫోటోలు", "మనవడితో మాట్లాడు". మూడోది వీడియో కాల్ పేజీకి షార్ట్‌కట్. ఆ పేర్లు ఆమే చెప్పింది, నేను టైప్ చేశానంతే.

---

ఆర్చ్_పిల్లోడు (అనంతపురం) | నవంబర్ 11, రాత్రి 10:37

అలాగైతే సిస్టమ్ భాషే తెలుగుకు మార్చేయొచ్చు కదా సార్? మొత్తం తెలుగులో వస్తుంది.

---

పొద్దుటూరు_డీటీపీ | నవంబర్ 11, రాత్రి 11:05

మార్చి చూశావా తమ్ముడూ నువ్వు? నేను చూశాను. ఫోల్డర్‌ను "సంచయం" అంటుంది, ఫైల్‌ను "దస్త్రం" అంటుంది, సెట్టింగ్స్ "అమరికలు". ఇరవై ఏళ్లుగా తెలుగే కంపోజ్ చేస్తున్న నేను సంచయం దగ్గర ఆగి ఆలోచించాను. పైగా సగం తెలుగు, సగం ఇంగ్లిష్. ఒకే మెనూలో పై లైను తెలుగు, కింది లైను ఇంగ్లిష్.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | నవంబర్ 12, ఉదయం 6:40

దస్త్రం మంచి మాటే, రెవెన్యూ ఆఫీసులో ముసలి గుమాస్తాకు చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. కానీ ఫోన్ మీద పెరిగిన పిల్లకు కాదు. అనువాదం చేసినవాళ్లను తప్పుపట్టను, జీతం లేకుండా చేశారు. మింట్ అనువాదాలు లాంచ్‌ప్యాడ్ అనే సైట్‌లో జరుగుతాయి, ఎవరైనా చేరి "సంచయం" బదులు "ఫోల్డర్" అని సూచించవచ్చు. చేరేవాళ్లు లేకనే సగం ఇంగ్లిష్ మిగిలింది. మనందరం ఇక్కడ కబుర్లు చెప్పే టైంలో తలా ఇరవై లైన్లు చేయొచ్చు. నాతో సహా.

ప్రస్తుతానికి అక్క షాపుకు ఇంగ్లిష్ మెనూలే ఉంచి ఆ నాలుగు పేర్లు తెలుగులో పెట్టడం మేలు.

---

పొద్దుటూరు_డీటీపీ | నవంబర్ 12, మధ్యాహ్నం 1:15

తెలుగు టైపింగ్ గురించి నేను చెబుతాను, నా పొలం అది.

వేరే భాషల్లో టైప్ చేయించే ఐబస్ అనే ప్రోగ్రాముతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకు చాలా కీబోర్డ్ లేఅవుట్లు వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంది. అను వాడినవాళ్లకు అలవాటైన ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియక "లినక్స్‌లో తెలుగు రాదు" అని వదిలేస్తారు. మీ ఇంటర్ అమ్మాయికి ఆర్‌టీఎస్ చాలు. చిన్న "త"కు చిన్న టీ, "ట"కు పెద్ద టీ, అలాగే "ణ", "ళ" పెద్ద అక్షరాలు అని ఒక చీటీ రాసి మానిటర్‌కు అతికించండి. భాష మార్చే మీట విండోస్ బొమ్మ ఉన్న కీ, స్పేస్ కలిపి నొక్కడం. అదీ చీటీ మీద రాయండి. పట్టీలో ఏ భాష ఉందో చూపించే గుర్తును మాత్రం దాచొద్దు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డ్ తెలుగులో ఉండిపోయి "పాస్‌వర్డ్ తప్పంటోంది" అని గగ్గోలు పెట్టేది అందుకే.

వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో ఇంకొక మెలిక. ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) అన్నదానికి టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవాలి. తర్వాత రైటర్ కింద "బేసిక్ ఫాంట్స్, సీటీఎల్" అనే చోట మీకు నచ్చిన తెలుగు ఫాంట్ పెట్టాలి. ఇది చేయకపోతే ఇంగ్లిష్ ఒక సైజులో, తెలుగు ఇంకో సైజులో వచ్చి అర్జీ అర్జీలా ఉండదు.

ఇక పెళ్లి పత్రికలు. లినక్స్‌లో చేయకండి. అను యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన ఫాంట్. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైల్‌ను తెరుస్తుంది కూడా, కానీ వరుడి పేరు బదులు ఇంగ్లిష్ గజిబిజి కనిపిస్తుంది. పిలుపులో పేరు తప్పు పడితే ఏమవుతుందో మీకు తెలుసు, రెండు వైపుల బంధువులూ మీ అంగడి ముందరే ఉంటారు. ఒక సిస్టమ్ విండోస్ 10తోనే ఉంచండి, నెట్ కేబుల్ పీకేయండి, పత్రికలకు మాత్రమే వాడండి.

---

జిరాక్స్_అక్క (కడప) | నవంబర్ 12, రాత్రి 9:20

డీటీపీ అన్నా, బరువు దింపారు. ఒకటి విండోస్, మూడు లినక్స్. నాలుగూ మార్చాల్సిందే అని ఎందుకు పట్టుబట్టానో నాకే తెలీదు.

బయోడేటాలు వర్డ్‌లో చేసుకొచ్చినవి ఇక్కడ తెరిస్తే లైన్లు జారుతున్నాయి. దానికేమైనా ఉందా?

---

శెనక్కాయ_చేను (అనంతపురం) | నవంబర్ 12, రాత్రి 9:55

ఫాంట్ లేక జారుతుంది. కాలిబ్రీకి కార్లిటో, కాంబ్రియాకు కలడియా అని అంతే వెడల్పు ఉన్న ఉచిత ఫాంట్లు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఉన్నాయో లేవో చూసి వేయండి. టైమ్స్, ఏరియల్‌కు లిబరేషన్ ఫాంట్లు సరిపోతాయి. మన గౌతమి ఫాంట్‌లో చేసిన తెలుగు మాత్రం కొంచెం జరుగుతుంది, అది తప్పదు. సేవ్ చేసేటప్పుడు వర్డ్ రకమైన డీఓసీఎక్స్‌గానే పడేలా ఆప్షన్స్‌లో మార్చిపెట్టండి. లేకపోతే కస్టమర్ లిబ్రేఆఫీస్ సొంత రకమైన ఓడీటీ ఫైల్ పట్టుకుపోయి ఆఫీసులో తెరుచుకోలేదని మీ మీదికొస్తాడు. ప్రింట్ కోసమే అయితే పీడీఎఫ్ చేసి తెమ్మనండి, గొడవే లేదు.

ప్రింటర్ ఏదక్కా?

---

జిరాక్స్_అక్క (కడప) | నవంబర్ 12, రాత్రి 10:02

రెండున్నాయి. కొత్త ఇంక్ ట్యాంక్ ప్రింటర్ లైవ్‌లో తగిలించగానే పట్టుకుంది, నేనేమీ చేయలేదు. పాత లేజర్ ఒకటుంది, పదేళ్లు దాటింది. దాని పేరు కనిపిస్తుంది, ప్రింట్ ఇస్తే "పూర్తయింది" అంటుంది, కాగితం మాత్రం కదలదు.

---

శెనక్కాయ_చేను (అనంతపురం) | నవంబర్ 12, రాత్రి 10:19

ఆ రకం పాత లేజర్లు కొన్ని పేజీని సొంతంగా తయారు చేసుకోలేవు. ఆ పని కంపెనీ డ్రైవరే కంప్యూటర్‌లో చేసి పంపాలి. కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పని చేస్తాయి, లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ వాటితో నేరుగా మాట్లాడుకుంటుంది. పాతదాన్ని ఆ విండోస్ సిస్టమ్‌కే తగిలించండి. దానితో కుస్తీ పట్టి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నవాడిగా చెబుతున్నా. పత్రికల ప్రూఫులకు సరిపోతుంది.

---

ఆర్చ్_పిల్లోడు (అనంతపురం) | నవంబర్ 13, ఉదయం 8:10

తాతగారూ, మీ నియమం మీద నాకొక అభ్యంతరం. దూరం నుంచి సాయం చేసేటప్పుడు కమాండే సులువు. ఒక లైను వాట్సాప్‌లో పంపిస్తే అతికించి ఎంటర్ కొడతారు. అదే బొమ్మలతో చెప్పాలంటే పన్నెండు స్క్రీన్‌షాట్లు కావాలి. కొత్తవాళ్లకు టెర్మినల్ అంటే భయం పెట్టింది మనమే.

---

టెర్మినల్_తాత (కడప, నిర్వాహకుడు) | నవంబర్ 13, ఉదయం 11:45

నువ్వన్నది సగం నిజం. సాయం చేసేవాడికి కమాండ్ సులువు. సాయం పొందినవాడు రేపు అదే పని మళ్లీ చేయాలంటే ఆ వాట్సాప్ మెసేజ్ వెతుక్కోవాలి. అది దొరక్కపోతే నీకు ఫోన్ చేయాలి.

కానీ కమాండ్‌ను ఒక పేరు వెనకాల దాచొచ్చు. అమ్మాయి చెప్పిన 50 కేబీ పనే తీసుకో. తునార్‌లో కుడి క్లిక్ మెనూకు మన పనులు చేర్చుకునే కస్టమ్ యాక్షన్స్ అని ఉంది. ఫోటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌లో జేపెగ్‌కు ఇంత సైజు మించకూడదని చెప్పే వీలుంది. ఆ రెండూ కలిపితే, ఫోటో మీద కుడి క్లిక్ చేయగానే మెనూలో "ఫోటో 50 కేబీ", "సంతకం 20 కేబీ" అని రెండు లైన్లు వస్తాయి. నొక్కితే పక్కనే కొత్త ఫైల్ తయారు. కమాండ్ ఉంది, కానీ ఒక్కసారే రాశాం, రాసింది మనం. నేను ఆదివారం షాపుకు వచ్చి పెట్టిస్తానమ్మా, కారం దోశ నీ ఖాతా.

---

ఆర్చ్_పిల్లోడు (అనంతపురం) | నవంబర్ 13, ఉదయం 11:52

ఇది నాకు తట్టనే లేదు. ఒప్పుకున్నా.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | నవంబర్ 13, రాత్రి 8:33

ఇంకొకటి, నెట్ షాపు కాబట్టి. కస్టమర్లు కూర్చునే రెండు సిస్టమ్‌లకు గెస్ట్ సెషన్ ఆన్ చేయండి. మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో ఉంటుంది. లాగౌట్ కొట్టగానే అంతకుముందు చేసినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. డౌన్‌లోడ్స్‌లో ఊరందరి ఆధార్లు పోగుపడవు, వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేసి పోయినా తర్వాతి మనిషి చూడలేడు. అయితే ఆ నాలుగు ఐకాన్లు గెస్ట్‌కు కూడా కనిపించాలంటే గెస్ట్ నమూనా ఫోల్డర్‌లో పెట్టాలి. అది తాతగారు వచ్చినప్పుడు చేయించుకోండి.

నాన్నగారి ఖాతాకు అడ్మిన్ అధికారం ఇవ్వొద్దు. అప్‌డేట్లు ఆటోమేటిక్ చేసేయండి. సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ వారానికోసారి స్నాప్‌షాట్ తీసేలా పెట్టండి. ఆయన ఏం నొక్కినా సిస్టమ్‌ను వెనక్కి తీసుకురావచ్చన్న ధైర్యం ముందు మీకుండాలి. మీరు కంగారు పడుతుంటే ఆయన ముట్టుకోరు.

---

జిరాక్స్_అక్క (కడప) | డిసెంబర్ 7, రాత్రి 9:05

మూడు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగుండదు.

ఎస్ఎస్‌డీలు మూడిటికీ వేయించాం. ఒకదాంట్లో మొదట విండోస్ కూడా ఉంచి పక్కన లినక్స్ వేస్తే, విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి. లినక్స్ గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో పెట్టుకుంటుందట, విండోస్ మన లెక్కలో చదువుతుందట. దానితో తిప్పలు పడలేక ఆ విండోస్‌ను తీసేశాను.

నాన్న ఐకాన్లకు పేర్లు ఆయనే చెప్పాడు: "వాట్సాప్", "స్కాను", "టైపింగు", నాలుగోది "గిరాకీ ఫైళ్లు". అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. స్టార్ట్ బటన్ మాట మళ్లీ ఎత్తలేదు. తాతగారి "ఫోటో 50 కేబీ" మీద మా ఇంటర్ అమ్మాయి ప్రాణం పెట్టుకుంది. పక్క షాపు వాళ్లు కూడా ఫోటోలు పంపుతున్నారు.

గొడవ వచ్చింది మనమెవరం అనుకోని చోట, పెన్‌డ్రైవ్ దగ్గర. మొదటి వారంలో ఒక అబ్బాయి స్కాన్ చేసిన సర్టిఫికెట్లు ఎక్కించుకున్నాడు. కాపీ అయిపోయిందని కనిపించింది, పీకేసుకుపోయాడు. ఇంటికెళ్లి చూస్తే ఫైళ్లు తెరుచుకోవట్లేదు. మర్నాడు వచ్చి నాన్న మీద గట్టిగా అరిచాడు. లినక్స్ ముందు ర్యామ్‌లో పెట్టుకుని తర్వాత నింపాదిగా పెన్‌డ్రైవ్‌లో రాస్తుందని నాకు తెలుసు, మూడేళ్లుగా అలవాటుగా ఎజెక్ట్ కొడుతున్నాను. నాకు అలవాటైపోయింది కాబట్టే చెప్పాలని తట్టలేదు. నాన్న ఆ రోజు ఏమీ అనలేదు. సాయంత్రం ఆ సిస్టమ్ మీద గుడ్డ కప్పేశాడు.

---

టెర్మినల్_తాత (కడప, నిర్వాహకుడు) | డిసెంబర్ 7, రాత్రి 9:40

నేను ఆదివారమంతా అక్కడే కూర్చున్నాను, నాకూ తట్టలేదు. నా తప్పు కూడా ఉంది. ఇప్పుడేం చేస్తున్నారు?

---

జిరాక్స్_అక్క (కడప) | డిసెంబర్ 7, రాత్రి 10:11

రెండు రోజులు గుడ్డ అలాగే ఉంది. మూడో రోజు ఆ అమ్మాయే తీసింది. పెన్‌డ్రైవ్ పేరు పక్కన ఎజెక్ట్ గుర్తు నొక్కి, "రాస్తోంది, పీకొద్దు" అన్న నోటీసు పోయేదాకా ఆగాలని నాన్నకు చూపించింది. నేను చెబితే వినేవాడు కాదు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాల మీద ఎర్ర టేపు వేసి "మేమే తీసి ఇస్తాం" అని రాశాం. కస్టమర్‌కు చెప్పే పనే లేదు.

---

పొద్దుటూరు_డీటీపీ | డిసెంబర్ 8, ఉదయం 10:20

ఎర్ర టేపు నేనూ వేస్తున్నా ఈ రోజే. విండోస్‌లో కూడా పీకేసేవాళ్లున్నారు.

అక్కా, ఆ "సంతకం 20 కేబీ" లైను సాదా కాగితం మీది సంతకానికి బాగా వస్తోందా? బూడిద రంగు మరకలు కనిపిస్తున్నాయా?

---

జిరాక్స్_అక్క (కడప) | డిసెంబర్ 8, మధ్యాహ్నం 2:47

ఫోన్‌తో తీసినవి మరకలు వస్తున్నాయన్నా. స్కానర్‌లో పెట్టి టెక్స్ట్ మోడ్‌లో తీస్తే శుభ్రంగా ఉన్నాయి. నల్ల ఇంకు పెన్ను కౌంటర్ మీద కట్టేసి పెట్టాను.